కొల్లేరు చూసి వద్దాం, రండి!

విద్యార్థులారా! కోనసీమలో పుట్టిన వారికి నీరు కొత్త కాదు. ఇంటి ముందు పంట కాలువ, పెరటి వెనుక చెరువు, కాస్త దూరం నడిస్తే గోదావరి పాయ. అందుకే ఒక డిసెంబరు నెలలో కొల్లేరు చూడడానికి వెళదామని నేను తరగతిలో చెప్పగానే, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి, "నీళ్లే కదా మాస్టారూ! మన ఊళ్లో లేవా?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసినవాడు కూడా అతడే. ఆ ప్రశ్నలనే వరుసగా మీ ముందు పెడుతున్నాను. మీరు కూడా మాతో వస్తున్నారనుకోండి.

దారిలో మొదటి పాఠం

అమలాపురం నుండి రాజోలు మీదుగా వెళ్లి, దిండి – చించినాడ వంతెనపై వశిష్ట గోదావరిని దాటుతాం. పాలకొల్లు, భీమవరం, ఆకివీడు దాటాక ఒక ఏరు ఎదురవుతుంది. దాని పేరు ఉప్పుటేరు. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఇదే. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు, ఎన్నో కాలువలు, మురుగు డ్రెయిన్లు తెచ్చి పోసే నీరంతా దాదాపు 60 కి.మీ. పొడవైన ఈ ఒక్క ఏటి గుండానే బంగాళాఖాతం చేరాలి. అనేక ద్వారాల నుండి జనం లోపలికి వస్తూ, బయటికి మాత్రం ఒకే ద్వారం ఉన్న సంత వంటిది కొల్లేరు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

సరస్సు ఎలా పుట్టింది?

పటం తీసి చూడండి. ఒక పక్క గోదావరి డెల్టా, ఇంకొక పక్క కృష్ణా డెల్టా, నడుమ కొల్లేరు. నదులు ఒండ్రుమట్టిని తెచ్చి సముద్రపు అంచున పోస్తాయి. వేల సంవత్సరాలపాటు అలా పోయగా నేల సముద్రంలోకి పెరిగింది. మన కోనసీమ అలా పుట్టినదే. రెండు నదులూ చెరొకవైపు మట్టి నింపుకుంటూ పోగా, మధ్యనున్న పల్లం సరిగా నిండలేదు. ఒకప్పుడు సముద్రానికి ఆనుకొని ఉన్న ఆ పల్లమే నేటి కొల్లేరు. ఇప్పుడు సముద్రం అక్కడికి సుమారు 35 కి.మీ. దూరం. అంటే మన ఊరికీ కొల్లేటికీ చుట్టరికం ఉందన్నమాట! ఏటి నడుమ దిబ్బను మనం లంక అంటాం. కొల్లేటి ప్రజలు కూడా తమ ఊళ్లను లంకలనే పిలుస్తారు.

పళ్లెమా? కడవా?

కొల్లేరు మన రాష్ట్రంలో అతిపెద్ద మంచినీటి సరస్సు. ఐతే లోతు మాత్రం తక్కువ. చాలాచోట్ల పొడవాటి గడతో నేలను పొడుస్తూ తాటిదోనెను నడిపించవచ్చు. కడవలో నాలుగు చెంబుల నీరు అదనంగా పోస్తే నీటిమట్టం పైకి లేస్తుంది, వెడల్పు మారదు. పళ్లెంలో పోస్తే నీరు పక్కలకు పాకుతుంది. కొల్లేరు పళ్లెం వంటిది. వేసవిలో కుంచించుకుపోతుంది, వానాకాలంలో విస్తరిస్తుంది.

మరి ఇలాంటి సరస్సుకు హద్దు ఎక్కడ గీయాలి? దానికే కాంటూరు రేఖ కావాలి. సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసే గీతను కాంటూరు అంటారు. 1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు ఉన్న 308 చ.కి.మీ. ప్రాంతాన్ని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. 2002లో ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ జాబితాను రాంసార్ జాబితా అంటారు. ఇరాన్ దేశంలోని రాంసార్ పట్టణంలో 1971లో కుదిరిన ఒప్పందం వల్ల ఆ పేరు వచ్చింది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే 10 లక్షల ఘనపు మీటర్లు. 308 చ.కి.మీ. మీద నిలిస్తే 30.8 కోట్ల ఘనపు మీటర్లు. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. భాగించి చూడండి, దాదాపు 11 టి.ఎం.సి.లు! వరదనీటిని పట్టి ఉంచి, మెల్లగా ఉప్పుటేటికి వదిలే ఇంత పెద్ద పళ్లెం ఊరికే దొరికింది మనకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు మునిగిన సంగతి మీకు తెలుసు. ఆ ఏరు చివరకు చేరవలసిన చోటు కొల్లేరే.

గూడబాతుల ఊరు

కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకకు చేరగానే పిల్లలంతా నిశ్శబ్దమైపోయారు. నీటి మధ్య చెట్ల మీద, అటవీశాఖ వారు నిలిపిన ఇనుప స్టాండ్ల మీద వందలాది గూడబాతులు! వీటినే పెలికాన్లని కూడా అంటారు. ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు కూడా వాటి మధ్యనే కాపురం పెట్టాయి.

"ఈ ఇనుప చెట్లు ఎందుకు మాస్టారూ?" అన్నాడు మన కుర్రవాడు. నిలవనీటిలో ఏళ్ల తరబడి నానడం, గుంపులుగా చేరిన పక్షుల రెట్టలు పడి కొమ్మలు మాడిపోవడం, ఈ రెండింటివల్ల చెట్లు చస్తాయి. కాని గూడు కట్టడానికి చుట్టూ నీరున్న చోటు కావాలి. నక్కలు, పిల్లులు అక్కడికి రాలేవు కదా! అందుకే ఈ ఏర్పాటు.

గూడబాతు పొడవు సుమారు ఐదు అడుగులు, బరువు నాలుగు నుండి ఆరు కిలోలు. ముక్కు కింద వేలాడే సంచి చేపలు దాచుకొనే సంచి అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అది వల వంటిది. చేపతోపాటు నీటిని కూడా తోడి, నీటిని వడకట్టి, చేపను వెంటనే మింగేస్తుంది.

ఇంకొక పొరపాటు కూడా ప్రచారంలో ఉంది. ఇవి సైబీరియా నుండి వచ్చే అతిథులని చెబుతుంటారు. ఆలోచించి చూడండి. చలికాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చే పక్షులు ఇక్కడ ఆహారం కోసం మాత్రమే ఉంటాయి. గుడ్లు పెట్టేది తిరిగి వెళ్లాక తమ ఊళ్లోనే. గూడబాతులు ఇక్కడే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. కనుక ఇవి మన దక్షిణాసియా పక్షులే. దూరం నుండి వచ్చేవి కొన్ని జాతుల బాతులు, ఉల్లంకి పిట్టలు మొదలైనవి.

1946లో కె.కె.నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నాడు. కొన్ని దశాబ్దాలకు ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. తరువాత ఆటపాకలో మళ్లీ గూళ్లు వెలిశాయి. వెళ్లిపోయిన పక్షి తిరిగి రావచ్చు. కాని తిరిగి రావడానికి చోటంటూ మిగలాలి.

పళ్లెంలో గట్లు

దోనె నడిపే పెద్దాయన దూరంగా చూపించి, "అవన్నీ చేపల చెరువులేనండి మేష్టారూ" అన్నాడు. సరస్సులో గట్లు వేసి చెరువులు కట్టడం కొన్ని దశాబ్దాలలో విపరీతంగా పెరిగింది. సుప్రీంకోర్టు ఆదేశాల మీద 2006లో అనేక చెరువుల గట్లు తెగగొట్టారు. ఆ తరువాత మళ్లీ కొన్ని లేచాయి. సంరక్షణ హద్దును +5 నుండి +3 అడుగులకు తగ్గించాలని కోరేవారూ ఉన్నారు. వారి వాదన కూడా వినాలి. చెరువే వారి కూడు, వారి పిల్లల చదువు. మా తరగతిలో కూడా చెరువుల మీద బతికే ఇళ్ల పిల్లలున్నారు. కాబట్టి ఎవరినీ నిందించకుండా, జరిగేదేమిటో శాస్త్రదృష్టితో చూద్దాం.

అప్పటికే నిండి ఉన్న చెరువు వరదనీటిని పట్టలేదు. గట్లు నీటికి అడ్డుపడతాయి. నీరు కదలక నిలిచిపోతే పూడిక పేరుకుంటుంది. పొలాల ఎరువులు, పట్టణాల మురుగు, చెరువుల మేత కలిసి నీటిలో పోషకాలు ఎక్కువవుతాయి. వాటిని తిని గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంటుంది. అడుగుకు ఎండ అందదు. కుళ్లిన ఆకు నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. అప్పుడు కొర్రమీను, మట్టగిడస వంటివి నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని బతకగలవుగాని, తక్కిన చేపలు బతకలేవు. ఇక వేసవిలో సరస్సు నుండి పారే నీరు తగ్గితే, పోటు సమయంలో సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేటి గుండా పైకి ఎగదన్నుతుంది. ఒకటే ద్వారం అన్నాను గుర్తుందా? బయటికి పోయే దారే లోపలికి వచ్చే దారి అవుతుంది!

చివరకు నష్టపడేది పక్షి ఒక్కటే కాదు. వలవేసి బతికేవాడు, చుట్టుపక్కల వరి రైతు, ఆ చెరువుల యజమాని కూడా ఆ నీటినే నమ్ముకున్నారు.

తిరుగు ప్రయాణంలో చించినాడ వంతెన మీదికి వచ్చేసరికి చీకటి పడింది. మన కుర్రవాడు కిటికీలోంచి గోదావరిని చూస్తూ, "మాస్టారూ, మా ఊరి మురుగుకాలువ ఎక్కడికి పోతుందో నాకు తెలియదు" అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన మంచి మార్కు అదే.

మీరు చేసి చూడండి

1. ఒక వెడల్పాటి పళ్లెంలో బంకమట్టితో పల్లం, మెట్టలు చేయండి. కొద్దిగా నీరు పోసి, నీటి అంచు వెంట పుల్లతో గీత గీయండి. మరికొంత పోసి మళ్లీ గీయండి. అవే కాంటూరు రేఖలు. ఇప్పుడు మధ్యలో మట్టిగట్లు కట్టి, అంతే నీరు పోసి, అంచు ఎక్కడిదాకా పాకిందో పోల్చండి.

2. మీ ఊరి మురుగుకాలువ ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో, చివరకు ఎక్కడ సముద్రం చేరుతుందో పెద్దలను అడిగి పటం గీయండి.

3. మీ చెరువులో ఐదేళ్ల కిందట ఉండి, ఇప్పుడు కనబడని చేప, పక్షి, మొక్క ఏవైనా ఉన్నాయా? మీ తాతగారిని, నాయనమ్మగారిని అడిగి రాసుకోండి.