ట్రక్కు వేదికకు జనరేటర్ కరెంటు



ఏటా ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మన ఊళ్ళలో చాలాచోట్ల ట్రాక్టర్ ట్రక్కే వేదిక. కరెంటు పోతే సభ ఆగకూడదని అద్దె జనరేటర్ తెస్తాం. 2017లో మేము పదో తరగతిలో ఉండగా అలాంటి సభ ఒకటి జరిగింది. ట్రక్కు మీద పిల్లలంతా ఇనుప అంచు పట్టుకునే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. కింద నీళ్ళు చల్లిన నేల మీద వట్టి కాళ్ళతో ఉన్న మా స్నేహితుడు ఎక్కబోయి ఆ అంచు పట్టుకోగానే చెయ్యి అతుక్కుపోయింది. ఎవరో పరుగెత్తి జనరేటర్ ఆపారు గనుక బతికాడు. "రబ్బరు టైర్లున్నాయి కదా, షాకేముంటుంది?" అని అంతకు ముందే పెద్దలన్నారు. మేమూ నమ్మాం.

అసలు జరిగిందేమిటి? జనరేటర్ దూరంగా తడి నేల మీద ఉంది. దానిలో న్యూట్రల్‌ను ఇనుప ఫ్రేముకు కలిపారు. రెండు తీగల వైరు ట్రక్కు తలుపు సందులో నలిగి, ఫేజు తీగ ఇనుమును తాకింది. ట్రక్కంతా 230 వోల్టులకు చేరింది. టైర్ల వల్ల కరెంటు నేలలోకి పోలేదు. అందుకే ఫ్యూజు పోలేదు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పైనున్నవాళ్ళ కాళ్ళూ చేతులూ ఒకే వోల్టేజి మీద ఉన్నాయి. కిందివాడి చెయ్యి ట్రక్కు మీద, కాళ్ళు నేల మీద. కరెంటుకు అతని ఒళ్ళే దారి అయింది. టైర్లు ప్రమాదాన్ని ఆపలేదు, దాచాయి.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించాలి.

1. మూడు తీగల కేబులే వాడాలి. మూడో తీగ జనరేటర్ ఫ్రేమును ట్రక్కు ఇనుముకు కలపాలి. రంగు గీకి బోల్టుతో బిగించాలి.

2. జనరేటర్ దగ్గరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాలి. న్యూట్రల్ ఫ్రేముకు కలవకపోతే అది సరిగా పనిచేయదు. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించి, టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

3. లోడు లెక్కకట్టాలి. 2 కె.వి.ఎ. జనరేటర్ పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 1600 వాట్లు. అందులో 80 శాతం, అంటే 1280 వాట్లే వాడాలి. 100 వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు ఆరు, 500 వాట్ల ఆంప్లిఫయర్ ఒకటి కలిపితే 1100. దీని మీద 500 వాట్ల హాలోజన్ పెట్టకూడదు.

4. కేబుల్ చుట్ట పూర్తిగా విప్పాలి, లేకుంటే వేడెక్కుతుంది. తలుపు సందుల్లోంచి లాగకూడదు.

5. జనరేటర్‌ను గదిలోగాని, టార్పాలిన్ కిందగాని నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అది హెమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది.

6. ఇంజను ఆపి, చల్లారాకే పెట్రోలు పోయాలి.

7. జెండా పైపులు 11 కె.వి. తీగల దరిదాపులకు పోకూడదు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు జనరేటర్ ఆపండి, తరువాతే మనిషిని తాకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. ఊరికి వెళ్తే "చదువుకున్నోడివి, నువ్వు చూడరా" అని వైరు చేతికిస్తారు. మేము ఇప్పుడు మొదట మూడో తీగ ఉందా అని చూస్తాం. లేకపోతే స్విచ్ వేయనివ్వం. సభ అరగంట ఆలస్యమైనా ఫరవాలేదు తమ్ముళ్ళూ, వచ్చినవాళ్ళంతా ఇంటికి క్షేమంగా చేరాలి.