నీడనిచ్చిన చేతులు

పాఠ్యాంశ ఉద్దేశం

ఇంటిలోని హింసను తాళలేక బయటికి వచ్చిన స్త్రీకి ఆశ్రయమివ్వడం సమాజ ధర్మం. ఆ ధర్మాన్ని నెరవేర్చినవారిని గౌరవించే తీరు సైతం వివేకంతో కూడి ఉండాలి. ఈ రెండు విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యభాగం

రాయలసీమ వాన చినుకుకు ముఖం వాచిన నేల. కర్నూలు, కడప ప్రాంతాలలో వేసవి సూర్యుడు నడినెత్తిన నిలిచినప్పుడు చెట్టునీడ విలువ, కుండలోని చల్లని నీటి విలువ తెలియనివారుండరు. అందుకే ఈ సీమవాసులు బావి తవ్వించినవారిని, చలివేంద్రం పెట్టించినవారిని, కరువు కాలంలో గంజి పోసినవారిని తరతరాలుగా తలచుకుంటారు. 1866లో కరువు విలయతాండవం చేసినప్పుడు ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరచి వేలాది మంది ఆకలి తీర్చాడు. ఆయన దాతృత్వానికి మెచ్చి విక్టోరియా మహారాణి పేరిట స్వర్ణపతకం బహూకరించారు. ఆ పతకం కంటె జనం నాలుకపై నిలిచిన పాటలే ఆయనకు దక్కిన పెద్ద గౌరవం. దాతను మరువకపోవడం ఈ నేల సంస్కారం.

అయితే ఆకలి అందరికీ కనిపిస్తుంది. ఎండిన చెరువు, బీటలు వారిన పొలం, ఎముకలు తేలిన పశువు కరువుకు సాక్ష్యం పలుకుతాయి. నాలుగు గోడల మధ్య జరిగే హింసకు అటువంటి సాక్ష్యం ఉండదు. ఉన్నా, “అది వారి ఇంటి గొడవ, మనకెందుకు?” అని తలుపు మూసుకోవడమే మర్యాదగా చెలామణి అవుతుంది. కరువులో అన్నం పెట్టినవానిని దాత అన్న లోకమే, దెబ్బలు తిన్న ఇల్లాలికి ఒక రాత్రి తలదాచుకొనే చోటిచ్చిన పొరుగింటి ముసలమ్మను సంసారాలు చెడగొట్టే మనిషి అని నిందించవచ్చు. అన్నదాతకు కీర్తి, ఆశ్రయదాతకు అపకీర్తి! ఈ వైపరీత్యం ఆలోచించదగినది.

ఈ సమస్య ఒక సీమకో, ఒక కులానికో, పేదలకో పరిమితమైనది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి ఇంచుమించు 29 మంది భర్త చేతిలో శారీరక హింసకో లైంగిక హింసకో లోనైనవారే. హింసను అనుభవించినవారిలో సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. మిగిలినవారి మౌనానికి కారణాలు అనేకం. వానలు మొగం చాటేసిన ఏట కర్నూలు పడమటి పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి పత్తితీతకు, మిరపకోతకు సుగ్గికి పోతాయి. అక్కడ కొత్త ఊరు, కొత్త గుడిసె. కష్టం చెప్పుకుందామంటే అక్కాచెల్లెళ్లు లేరు, అమ్మలక్కలు లేరు. కడప ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు పోయి కూలి సంపాదించి పంపిన స్త్రీకి, ఆ సొమ్ముపై పెత్తనం తనకే ఉంటుందన్న భరోసా లేదు. పుట్టింటికి పోదామంటే అక్కడా అప్పులే. “పరువు పోతుంది, సర్దుకో తల్లీ” అన్న మాటే తరచుగా పుట్టింటివారు ఇచ్చే సారె అవుతుంది. అటువంటి స్త్రీ అర్ధరాత్రి బిడ్డను చంకనెత్తుకొని గడప దాటినప్పుడు ఆమె ముందున్న ప్రశ్న ఒక్కటే: ఎక్కడికి?

ఆ ప్రశ్నకు జవాబు వెదికినవారు తెలుగునాట పూర్వం నుంచీ ఉన్నారు. కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కథ సుప్రసిద్ధం. ఆ కార్యానికి వెన్నుదన్నుగా నిలిచినవారి కథ అంత ప్రసిద్ధం కాదు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య లోకనిందకు వెరవక ధనసహాయం చేశాడు. సంఘం వెలివేయడంతో వంటవారు, నీళ్లు మోసేవారు పంతులుగారి గడప తొక్కడం మానుకున్నారు. అప్పుడు ఆయన అర్ధాంగి రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీరు మోసింది. తానే వండి వడ్డించింది. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులను కన్నబిడ్డలవలె సాకింది. సంస్కర్త ఉపన్యాసం లోకాన్ని కదిలించి ఉండవచ్చు. ఆశ్రయానికి వచ్చినవారి ప్రాణాలు నిలిపినవి మాత్రం ఆమె బిందెలోని నీరు, ఆమె పొయ్యి మీది అన్నం.

ఆ తరువాత 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదా నికేతనాన్ని స్థాపించి, నిరాదరణకు గురైన బాలికలకు, వితంతువులకు చదువు చెప్పించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభ ద్వారా స్త్రీలకు విద్యను, వృత్తి శిక్షణను అందించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. భర్త కొట్టి హింసించిన స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఆశ్రయ గృహం ఉండాలన్న భావన 1971లో లండన్ నగరంలోని చిస్విక్‌లో ఎరిన్ పిజ్జీ ప్రారంభించిన గృహంతో పాశ్చాత్య దేశాలలో విస్తృత ప్రచారం పొందింది. చిన్న ఇల్లు, నిండిన గదులు, నేలపై పరుపులు అయినా అక్కడికి వచ్చినవారిని కాదనలేదు.

రాయలసీమ స్త్రీలు కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం కర్నూలు, కడప పల్లెలకూ పాకింది. తాగివచ్చిన భర్త చేతి దెబ్బ తన ఒక్కదాని తలరాత కాదని, అది అందరి బాధ అని స్త్రీలు బహిరంగంగా పలికిన సందర్భమది. 1995 తరువాత కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో బలపడిన పొదుపు సంఘాలు దేశం దృష్టిని ఆకర్షించాయి. పైసా పైసా కూడబెట్టుకొన్న ఆ స్త్రీలు తమ పిల్లల కోసం బాలభారతి పాఠశాలను నెలకొల్పుకొన్నారు. పదిమంది స్త్రీలు వారం వారం ఒకచోట కూర్చొనే ఊరిలో, ఒకామె చెంపపై కమిలిన గుర్తును పదిమందీ చూస్తారు. చూసినవారు అడుగుతారు. అడిగేవారున్నారన్న ధైర్యమే ఆశ్రయానికి తొలి మెట్టు.

ఈ ధైర్యానికి చట్టం తోడు వచ్చింది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో రూపొంది, 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. దెబ్బలే కాక దూషణ, లైంగిక హింస, ఆర్థికంగా నిస్సహాయురాలిని చేయడం కూడా హింసేనని ఈ చట్టం స్పష్టం చేసింది. బాధితురాలి పక్షాన నిలిచే సామాన్యుని గురించి కూడా ఇది ఆలోచించింది. హింస జరుగుతున్నదని, జరగబోతున్నదని నమ్మడానికి తగిన కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చునని, సద్భావంతో తెలిపినవారిపై ఏ కేసూ ఉండదని నాలుగవ సెక్షన్ చెబుతుంది. బాధితురాలికి సహాయపడినవారిని హింసించరాదని న్యాయమూర్తి ఆజ్ఞాపించే అధికారం పద్దెనిమిదవ సెక్షన్‌లో ఉంది. రక్షణాధికారి కోరినా, బాధితురాలే కోరినా ఆశ్రయ గృహం ఆమెను చేర్చుకోవాలి. ఆమె కోరితే ఆమె అక్కడ ఉన్న సంగతిని రహస్యంగా ఉంచాలి. 2015 నుంచి సఖి కేంద్రాలు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల వసతి ఒకేచోట అందిస్తున్నాయి. 181 నంబరు ఆపదలో ఉన్న స్త్రీలకు సహాయవాణి.

చట్టం తలుపు తెరవగలదు. ఆ తలుపు వెనుక దీపం వెలిగించవలసినది సమాజమే. ఆశ్రయ గృహం నడవాలంటే ఎన్ని చేతులు కావాలి! రాత్రివేళ బాడుగ అడగక గృహానికి చేర్చే ఆటోవాడు కావాలి. నెలనెలా బియ్యం బస్తా పంపి, పేరు రాయవద్దనే వర్తకుడు కావాలి. బదిలీ పత్రం లేదని తిప్పి పంపక పిల్లవానిని బడిలో కూర్చోబెట్టుకొనే ఉపాధ్యాయుడు కావాలి. గాయాన్ని కడుగుతూ “జారిపడ్డాను” అన్న మాట వెనుక దాగిన మాటను వినగల నర్సు, రుసుము ఆశించక వాదించే న్యాయవాది, కుట్టుపని నేర్పే అక్క, ఒంటరి స్త్రీ అని శంకించక గది అద్దెకిచ్చే ఇంటి యజమాని కావాలి. వీరిలో ఏ ఒక్కరు లేకున్నా ఆశ్రయం పొందిన స్త్రీ మళ్లీ అదే హింస గల గడపకు తిరిగిపోవలసి వస్తుంది.

ఇటువంటి పరోపకారులను సత్కరించడం న్యాయం. సత్కారం చూసి మరొకరు ముందుకు వస్తారు. సహాయం చేసినవారికి లోకనింద మాత్రమే దక్కితే రేపు తలుపు తీసేవారుండరు. అయినప్పటికీ ఈ సత్కారంలో ఒక చిక్కు ఉంది. గుడి కట్టించిన దాత పేరు రాతి మీద చెక్కవచ్చు. ఆశ్రయ గృహం చిరునామా లోకానికి తెలియరాదు. అన్నదాన సత్రం ముందు బారులు తీరినవారి చిత్రం అచ్చువేయవచ్చు. హింస తప్పించుకొని వచ్చిన స్త్రీ ముఖచిత్రం పత్రికకెక్కితే ఆమె ప్రాణానికే ముప్పు. దాత గొప్పదనం చాటడానికి ఆమెను వేదిక నెక్కించి కన్నీటి కథ చెప్పించడం మరొక రకమైన హింసే అవుతుంది. సహాయం పొందడం వలన ఆమె ఎవరికీ ఋణగ్రస్తురాలు కాదు. భయం లేని బ్రతుకు ఆమె హక్కు.

కాబట్టి సత్కారానికి కొన్ని నియమాలు అవసరం. సభ గృహం ఆవరణలో కాక వేరొక చోట జరగాలి. సన్మానితుని సమ్మతి లేనిదే అతని పేరు ప్రకటించరాదు. పేరు బయటపడితే అతనిపై పగబట్టేవారు ఉండవచ్చును. ఇచ్చిన సొమ్ము ఎంత అన్నదాని కంటె, ఎన్నాళ్లు విడువక తోడున్నారన్నదే కొలమానం కావాలి. లక్ష ఇచ్చి మరచిన ధనికుని పక్కన, ఏళ్ల తరబడి పాలు పోసిన పాడిగేదె యజమానురాలికి సమానమైన పీట వేయాలి. శాలువలకు, పూలదండలకు చేసే వ్యయం గృహంలోని బిడ్డల పుస్తకాలకు మళ్లితే ఆ సత్కారం మరింత శోభిస్తుంది. కొందరు పేరు వద్దంటారు. వారికి గృహవాసులు తమ చేతులతో రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం చాలు.

వీటన్నిటికంటె గొప్ప సత్కారం మరొకటి ఉంది. ఒకప్పుడు ఆశ్రయం కోరి వచ్చిన స్త్రీ తన కాళ్లపై తాను నిలిచి, మరొక రాత్రి మరొకరి కోసం తలుపు తీయడమే అది. నీడ పొందినవారు నీడగా మారినప్పుడు దాతకు, గ్రహీతకు నడుమ గీత చెరిగిపోతుంది.

కరువు సీమలో చెట్టు నాటినవాడు దాని నీడన కూర్చొనే బాటసారి పేరు అడగడు. బాటసారి సేదదీరి సాగిపోతాడు. చెట్టు నిలిచి ఉంటుంది. రాయలసీమ ప్రజలు గంజి పోసినవానిని తలచుకొన్న గౌరవంతోనే తలుపు తెరిచినవారిని కూడా తలచుకోవాలి. అంతకు మించి, అర్ధరాత్రి పొరుగింట కేక వినిపించినప్పుడు తమ తలుపు తామే తెరవాలి.

కఠిన పదాలకు అర్థాలు

విలయతాండవం = సర్వనాశనం చేసే విజృంభణ
వైపరీత్యం = విరుద్ధమైన స్థితి
సుగ్గి = పంటకాలంలో కూలిపనికై పొరుగు ప్రాంతాలకు పోవడం
సారె = ఆడపడుచుకు పుట్టింటివారు ఇచ్చి పంపే కానుకలు
వెన్నుదన్ను = అండ, ఆసరా
సద్భావం = మంచి ఉద్దేశం
బాడుగ = కిరాయి
గ్రహీత = పుచ్చుకొనేవారు

వ్యాకరణాంశాలు

సంధులు
పరోపకారులు = పర + ఉపకారులు – గుణసంధి
రక్షణాధికారి = రక్షణ + అధికారి – సవర్ణదీర్ఘ సంధి
ఆశ్రయమివ్వడం = ఆశ్రయము + ఇవ్వడం – ఉత్వసంధి

సమాసాలు
నాలుగు గోడలు – నాలుగు సంఖ్యగల గోడలు – ద్విగు సమాసం
అక్కాచెల్లెళ్లు – అక్కయును చెల్లెలును – ద్వంద్వ సమాసం
లోకనింద – లోకము యొక్క నింద – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గృహహింసకు లోనైన స్త్రీకి ఆశ్రయం లభించడంలో చట్టం పాత్రను, సమాజం పాత్రను పాఠం ఆధారంగా వివరించండి.
2. ఆశ్రయ గృహ సహాయకులను సత్కరించడంలో పాటించవలసిన నియమాలను తెలిపి, వాటి ఆవశ్యకతను చర్చించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. “అన్నదాతకు కీర్తి, ఆశ్రయదాతకు అపకీర్తి” అనడంలోని అంతరార్థమేమి?
2. రాజ్యలక్ష్మమ్మ సేవ ఎటువంటిది?
3. పొదుపు సంఘాల వలన స్త్రీలకు ధైర్యం ఎలా కలిగింది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బుడ్డా వెంగళరెడ్డి ఏ గ్రామానికి చెందినవాడు?
2. శారదా నికేతనాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో స్థాపించారు?
3. గృహహింస చట్టం ఎప్పటి నుంచి అమలులోకి వచ్చింది?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్య
1. “పరువు పోతుంది, సర్దుకో తల్లీ.”
2. “అది వారి ఇంటి గొడవ, మనకెందుకు?”