మార్చుటకు ముందు చూడుము

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరము చేరినది. వెదకువారికి సులువగునని నీ పై అధికారి కోరగా, మీ కార్యాలయమునకు వచ్చిన పాత పత్రికల పాఠములన్నిటను ‘మద్రాసు’ను తీసి ‘చెన్నై’ని నిలుపు ప్రోగ్రామును శుక్రవారము రాత్రి నడిపించి పండుకొందునని చివర నొక వాక్యము వ్రాసితివి. నీవు చిక్కిపోయితివని మీ అమ్మ బెంగపెట్టుకొన్నది. నాకును ఆ బెంగ లేకపోలేదు గాని, నాకు నిద్ర పట్టనీయనిది ఆ చివరి వాక్యమే.

నిండు మాట యేదో, మఱియొక మాటలో ఒదిగిన ముక్క యేదో యంత్రము తనంతట ఎఱుగదు. ఉత్తరములలో దొంగ స్క్రిప్టులు చొరబడకుండ యాహూవారు ‘ఈవల్’ అను ఆజ్ఞను ‘రివ్యూ’గా మార్చు ఏర్పాటు చేయగా, ‘మెడీవల్’ అని వ్రాసినవారి లేఖలు ‘మెడిరివ్యూ’ అని చేరినవి. ఆ వింత 2002లో లోకమునకు వెల్లడియైనది.

నీవు తెలివిగలదానవు, మాటకు ఇరువైపుల బ్యాక్‌స్లాష్ బి గుర్తును పెట్టితిని, ఇక భయమేమి అనెదవు. నా భయమంతయు అక్కడనే యున్నది. పైథాన్‌లోని రీ మాడ్యూలు అక్షరములను, అంకెలను, అండర్‌స్కోరును మాత్రమే మాటలోని భాగములుగా లెక్కించును. మన గుణింతపు గుర్తులును పొల్లును దాని లెక్కలోనికి రావు. అందుచేత, కొమ్ముతో ముగియు ‘మద్రాసు’ తరువాత ఖాళీ వచ్చినచో సరిహద్దు కానక ఆ మాటను విడిచిపెట్టును. ‘మద్రాసులో’ అని యున్నచో కొమ్మునకును లకారమునకును నడుమ సరిహద్దు కలదని భ్రమించి మార్చివేయును. పట్టవలసినదానిని విడిచి, విడువవలసినదానిని పట్టు గుర్తు ఎందులకు తల్లీ? జావాస్క్రిప్టులో ఆ గుర్తు తెలుగు అక్షరములలో దేనిని అక్షరముగా ఎంచదు గనుక, అక్కడ మన మాట అసలే చిక్కదు. కావున మాటకు ముందును వెనుకను, యూనికోడ్‌లో తెలుగునకు కేటాయించిన 128 స్థానములలోనిదేదియు ఉండరాదని నీవే నిబంధన వ్రాసికొనుము. లేదా రెజెక్స్ అను వేఱు మాడ్యూలును తెచ్చుకొనుము. బ్యాక్‌స్లాష్ బి గల వరుసకు ముందు ‘ఆర్’ చేర్చ మఱచితివేని, పైథాన్ ఆ గుర్తును బ్యాక్‌స్పేసుగా గ్రహించునని నీకు చెప్పనక్కఱలేదు, అయినను చెప్పుచున్నాను. రాత్రులు పెరుగన్నమైనను తినుచున్నావా?

అంతటితో తీరునా? విభక్తులున్నవి. వాని నంటిన మాటను ఆ నిబంధన విడిచిపెట్టును; నిబంధనను సడలించితివేని ‘మద్రాసుకు’ కాస్తయు ‘చెన్నైకు’ అగును. ‘కి’ వలయు చోట ‘కు’ నిలుచును. మద్రాసు హైకోర్టు నేటికిని ఆ పేరనే వెలయుచున్నది. 1953లో ఆంధ్రులు ‘చెన్నై రాష్ట్రము’ నుండి వేఱుపడిరని నీ ప్రోగ్రాము వ్రాయును! ఇవి ఏ గుర్తుతోను తీరు చిక్కులు కావు. మనిషి కన్ను పడవలసిన చోట్లు.

1996లో ఆ పట్టణము పేరు మారినపుడు మా కార్యాలయములో కోబాల్ ప్రోగ్రాములుండెడివి. దాని ఇన్‌స్పెక్ట్ ఆజ్ఞ ఒక మాట స్థానమున అంతే పొడవుగల మాటనే నిలుపును. ఆంగ్లమున మద్రాసునకు ఆఱు అక్షరములు, చెన్నైకి ఏడు. ఆ యొక్క అక్షరమును ఎట్లు ఇఱికింతుమా యని కుఱ్ఱవాండ్రము వాదులాడుకొనుచుండగా, మా పెద్దగుమాస్తా (మధ్యాహ్నమున తన క్యారేజీలోని గోంగూర మాకు పంచిపెట్టనిదే ముద్ద ముట్టని మహానుభావుడు) ఆ మాటయున్న పంక్తులన్నియు అచ్చుకొట్టించి, ఎఱ్ఱ పెన్సిలుతో ఒక్కొక్కదానికి గుర్తు పెట్టనారంభించెను. ఆయనకు కీబోర్డు ముట్టుట రాదు. ఆయన గుర్తులిడిన కాగితములను బట్టియే మేము ప్రోగ్రాము వ్రాసితిమి. నాటినుండి శుభలేఖ అచ్చుకైనను, ఇంటిపన్ను చీటీకైనను, మార్చుటకు ముందు అంతయు ఒకమాఱు చూడవలయుననుట నాకు వ్రతమైనది. రేపు నీకు వచ్చు సంబంధమును గూర్చియు నేనడుగబోవు మొదటి ప్రశ్న, అబ్బాయి మార్చుటకు ముందు చూచువాడేనా యనియే. మీ అమ్మ నవ్విన నవ్వనిమ్ము.

కాబట్టి మూల పాఠమును తాకకుము. వెదకుటకు వేఱొక ప్రతి చేసి, అందు మద్రాసు ప్రక్కన చెన్నైని చేర్చుము. నీ పై అధికారి కోరిక అందుతోనే తీరును. శుక్రవారము దొరకిన పంక్తుల జాబితాను మాత్రము తీసి నాకు పంపుము. ఎంత పొడవైనను చదివి, ఎఱ్ఱ పెన్సిలుతో గుర్తులిడి తిప్పి పంపెదను. నీవు ఆ రాత్రి పెందలకడ భోజనము చేసి పండుకొనుము.

ఇట్లు,
నీ మామయ్య