కొండ దిగే బండికి కళ్లెం ఏది?

బరువు బండిని కొండ ఎక్కించడం కష్టమా, దించడం కష్టమా? ఈ ప్రశ్న మీ స్నేహితులను అడిగి చూడండి. "ఎక్కించడమే కష్టం, అందులో సందేహమేముంది?" అంటారు చాలామంది. అదే ప్రశ్న ఘాట్ రోడ్డు మీద లారీ నడిపే డ్రైవరును అడగండి. ఆయన నవ్వి, "ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే ఆగిపోతుంది. దిగేటప్పుడు మొరాయిస్తే ఆగదు!" అంటాడు.

ఈ మాటలో ఎంత నిజముందో 1931లో అమెరికాలో ఒకాయనకు బాగా తెలిసివచ్చింది. ఆయన పేరు క్లెస్సీ కమిన్స్. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో 1919లో డీజిల్ ఇంజన్ల కంపెనీ పెట్టిన వ్యక్తి. లారీలకు డీజిల్ ఇంజను పనికివస్తుందని లోకానికి చూపించాలని, ఆయన ఒక డీజిల్ లారీలో దేశానికి ఈ చివర నుండి ఆ చివరకు ప్రయాణం కట్టాడు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దగ్గర రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. అక్కడ లారీ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. లారీ వేగం పెరిగిపోతోంది. కింద చూస్తే రోడ్డుకు అడ్డంగా రైలు పట్టాలు, వాటి మీద గూడ్సు రైలు! వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పిపోయింది. ఆ రోజు పట్టుకున్న భయం కమిన్స్‌ను చాలా ఏళ్లు వదలలేదు. ఆ భయంలోంచి ఒక గొప్ప పరికరం పుట్టింది. దాని సంగతి చివరికి చెప్పుకుందాం. ముందు అదే కనుమ మీదుగా మరొక బండిని నడిపించి చూద్దాం.

మన బండి ఇదీ

అమెరికాలో పికప్ ట్రక్కు అనే వాహనం చాలా ప్రసిద్ధం. ముందు మనుషులు కూర్చునే గది, వెనుక పైకప్పులేని తొట్టి ఉంటాయి. మన ఊళ్లలో ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినట్లే, అక్కడ పికప్‌కు వెనుక ట్రెయిలరు తగిలించి గుర్రాలను, గడ్డిమోపులను, పడవలను లాగిస్తారు. 1989 మోడలు డాడ్జ్ పికప్‌లలో కమిన్స్ కంపెనీ డీజిల్ ఇంజనును అమర్చడం మొదలుపెట్టారు. ఆరు సిలిండర్లు, 5.9 లీటర్ల పరిమాణం, 160 అశ్వశక్తి. అంటే దాదాపు 119 కిలోవాట్లు. ఇలాంటి పాత బండ్లను ఇప్పటికీ ముచ్చటపడి నడుపుకునేవాళ్లున్నారు.

వీటిలో కొన్నిటికి ఆటోమేటిక్ గేర్లు ఉండేవి. ఆటోమేటిక్ బండికి క్లచ్ పెడలు ఉండదు. గేర్లు వాటంతటవే మారుతాయి. మనం మూడు గేర్ల ఆటోమేటిక్ బండినే తీసుకుందాం. మనుషులతో, సామానుతో కలిపి పికప్ బరువు 3 టన్నులు, ట్రెయిలరు బరువు 3 టన్నులు అనుకోండి. మొత్తం 6 టన్నులు, అంటే 6000 కిలోలు. రోడ్డు వాలు 6 శాతం. అంటే 100 మీటర్లు నడిస్తే 6 మీటర్లు ఎత్తు పెరుగుతుందన్నమాట.

ఎక్కేటప్పటి లెక్క

బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోంది. ఒక సెకనులో సుమారు 16.7 మీటర్లు ముందుకు పోతుంది. 1 మీటరు పైకి లేస్తుంది. 6000 కిలోలను సెకనుకు 1 మీటరు చొప్పున ఎత్తడానికి ఎంత సామర్థ్యం కావాలి?

6000 × 9.8 × 1 = 58,800 వాట్లు. అంటే సుమారు 59 కిలోవాట్లు.

దీనికి గాలి నిరోధం, టైర్ల ఘర్షణ కలుపుకుంటే ఇంకో 20 కిలోవాట్లు కావచ్చు. మన ఇంజనుకు 119 కిలోవాట్ల సత్తా ఉంది కదా! కాబట్టి ఎక్కడానికి బలం చాలు. మరి చిక్కెక్కడ? చిక్కు ఇంజనులో లేదు. ఇంజనుకు, గేర్లకు మధ్య ఉంది.

నూనెలో తిరిగే పంకాలు

ఆటోమేటిక్ బండిలో ఇంజను, గేర్లు ఒకదానికొకటి గట్టిగా బిగించి ఉండవు. రెండింటి మధ్య నూనె నిండిన ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దీనిని టార్క్ కన్వర్టర్ అంటారు. దీని మూలసూత్రాన్ని జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం కనిపెట్టాడు.

రెండు టేబులు ఫాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికి మాత్రమే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరగడం మొదలుపెడుతుంది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేది సరిగ్గా ఇదే; గాలికి బదులు నూనె. ఇంజను ఒక పంకాను తిప్పుతుంది. అది విసిరిన నూనె రెండో పంకాను తిప్పుతుంది. రెండో పంకాకు గేర్లు తగిలించి ఉంటాయి. మధ్యలో ఉన్న మూడో చక్రం, తిరిగివచ్చే నూనెను మంచి దిక్కుకు మళ్లిస్తుంది. అందువల్ల బండి బయలుదేరేటప్పుడు తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. ఆగి ఉన్న బరువును కుదుపు లేకుండా కదిలించడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

కాని ఒక లోపముంది. రెండో పంకా ఎప్పుడూ మొదటిదానికన్నా కొంచెం నెమ్మదిగానే తిరుగుతుంది. ఈ తేడాను జారుడు అనుకుందాం. జారుడులో పోయిన శక్తి ఎక్కడికీ పోదు. శక్తి నశించదని మీరు చదువుకున్నారు కదా! అది నూనెలో వేడిగా మారుతుంది. కొండ ఎక్కేటప్పుడు 80 కిలోవాట్లలో పదోవంతు జారిపోతే, 8 కిలోవాట్ల వేడి. అంటే ఒక్కొక్కటి 1000 వాట్లుండే ఎనిమిది ఇస్త్రీపెట్టెలను ఆ నూనెలో ముంచి ఉంచినట్లే!

తరువాతి కాలపు బండ్లలో, వేగం అందుకున్నాక రెండు పంకాలనూ కలిపి బిగించే ఒక తాళం ఉంటుంది. తాళం పడితే జారుడు లేదు. ఆ వేడీ లేదు. మన 1989 బండిలో ఆ తాళం లేదు. అందుకే పాత ఆటోమేటిక్ బండితో బరువు లాగేవారు నూనెను చల్లబరచడానికి రేడియేటరు ముందు మరొక చిన్న రేడియేటరు బిగిస్తారు. నూనె ఎంత వేడెక్కిందో చూపే మీటరు కూడా పెట్టుకుంటారు. ఈ నూనె కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడువాసన వేస్తే, లోపల అరుగుదల మొదలైందని గుర్తు.

లెక్క తిరగబడింది

సరే, మన బండి కనుమ పైకి చేరింది. ఇక దిగాలి. అదే 6 శాతం వాలు, అదే 60 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు బండి సెకనుకు 1 మీటరు చొప్పున కిందికి పోతోంది. ఎక్కేటప్పుడు ఇంజను పెట్టుబడి పెట్టిన 59 కిలోవాట్లనూ భూమ్యాకర్షణ ఇప్పుడు తిరిగి ఇస్తోంది. మనం వద్దన్నా ఇస్తుంది! వేగం పెరగకుండా ఉండాలంటే ప్రతి సెకనూ దీనినంతా ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. గాలి, టైర్లు కొంత పంచుకుంటాయి. మిగిలింది బ్రేకుల మీద, ఇంజను మీద పడుతుంది.

ఆరు కిలోమీటర్లు దిగడానికి ఆరు నిమిషాలు పడుతుంది. బండి 360 మీటర్లు కిందికి వస్తుంది. విడుదలయ్యే శక్తి 6000 × 9.8 × 360, అంటే సుమారు 2 కోట్ల 12 లక్షల జౌళ్లు. ఈ శక్తితో 67 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తేవచ్చు. నాలుగైదు బిందెల నీళ్లు ఆరు నిమిషాల్లో మరుగుతాయన్నమాట! ఈ వేడిలో ఎక్కువ భాగాన్ని నాలుగు చక్రాల బ్రేకులే మింగవలసి వస్తే ఏమవుతుంది? బ్రేకు పట్టీలు వేడెక్కిన కొద్దీ వాటి ఘర్షణ తగ్గిపోతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు, ఇంకా వేడెక్కుతాయి. పెడలు ఒత్తిడిని చక్రాలకు చేర్చే ద్రవం మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. అందుకే పెడలు నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. పాత బండిలో పాత ద్రవం ఎంత అపాయమో చూశారా!

డీజిల్‌కు అలవాటు లేని పని

"ఇంజను మీద బండిని నిలబెట్టవచ్చు కదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. పెట్రోలు ఇంజనులో కాలు తీయగానే గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్లు గాలి కోసం పీకులాడుతూ బండిని వెనక్కు పట్టి ఉంచుతాయి. డీజిల్ ఇంజనులో అలాంటి తలుపు లేదు. గాలి ఎప్పుడూ స్వేచ్ఛగా వస్తుంది. పిస్టన్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. కాని నొక్కిన గాలి స్ప్రింగులా పిస్టన్‌ను తిరిగి తోసేస్తుంది. ఇచ్చింది దాదాపు తిరిగి వచ్చేసింది! అందువల్ల డీజిల్ ఇంజను లాగడంలో దిట్ట, ఆపడంలో బలహీనం.

కమిన్స్ బుర్ర పనిచేసింది ఇక్కడే. స్ప్రింగులా నొక్కుకున్న గాలి, పిస్టన్‌ను తోయకముందే తప్పించుకుపోతే? నొక్కడానికి పెట్టిన శక్తి తిరిగి రాదు. బండి వేగం తగ్గుతుంది. సరిగ్గా గాలి పూర్తిగా నొక్కుకున్న క్షణంలో పొగ కవాటాన్ని తెరిచే ఏర్పాటును ఆయన కనిపెట్టాడు. 1961 నుండి జేకబ్స్ కంపెనీ దాన్ని తయారుచేసి పెద్ద లారీలకు అమ్మసాగింది. కహోన్ కనుమ నేర్పిన పాఠానికి ముప్పై ఏళ్లకు దొరికిన జవాబు అది!

పికప్‌లకు ఇంకా సులభమైన పద్ధతి ఉంది. పొగగొట్టంలో ఒక రేకు తలుపు పెట్టి, దిగేటప్పుడు మూస్తారు. పొగ బయటికి పోలేక పిస్టన్లకు ఎదురు నిలుస్తుంది. అయితే మన పాత ఆటోమేటిక్‌లో నూనె జారుడు ఇక్కడ కూడా అడ్డం వస్తుంది. చక్రాలు ఇంజనును గట్టిగా తిప్పలేవు. కళ్లెం కొంత సడలిపోతుంది. పైగా గేరు పుల్లను మామూలు స్థానంలో వదిలేస్తే, వేగం పెరగగానే పెట్టె దానంతటదే పై గేరుకు పోతుంది. దిగేటప్పుడు మనకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం!

తెలివైన డ్రైవరు ఏం చేస్తాడు?

దిగడం మొదలుపెట్టక ముందే వేగం తగ్గించి, పుల్లను రెండో గేరుకో మొదటి గేరుకో లాగి పెడతాడు. వేగం పెరిగిపోయాక కింది గేరు వెయ్యడం ఇంజనుకూ ప్రమాదమే. బ్రేకును అదేపనిగా తొక్కిపట్టడు. గట్టిగా వేసి, వేగం తగ్గాక వదిలి, చల్లారే వ్యవధి ఇస్తాడు. బరువైన ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉండేట్లు చూసుకుంటాడు.

బరువు పేర్చడంలోనూ కిటుకుంది. ఎద్దుబండిలో వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుందని పల్లెటూరి పిల్లలకు తెలుసు. ట్రెయిలరులోనూ అంతే. దాని బరువులో 10 నుండి 15 శాతం పికప్ కొక్కెం మీద పడాలి. మన 3 టన్నుల ట్రెయిలరుకు ఇది 300 నుండి 450 కిలోలు. వెనుక బరువెక్కువైతే వేగంలో ట్రెయిలరు తోకలా ఊగి పికప్‌నే తిప్పివేయగలదు.

మీరే లెక్కకట్టండి

1. ట్రెయిలరు లేకుండా 3 టన్నుల పికప్ ఒక్కటే అదే వాలులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దిగితే, భూమ్యాకర్షణ ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది?

2. ట్రెయిలరుతో సహా 6 టన్నుల బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగితే ఎన్ని కిలోవాట్లు?

రెండింటికీ జవాబు ఒక్కటే వస్తుంది: 29.4 కిలోవాట్లు. వేగం సగానికి తగ్గించడమంటే బ్రేకుల దృష్టిలో సగం బరువు దించేసినట్లే! అందుకు కొత్త పరికరం అక్కరలేదు, ఖర్చు అసలే లేదు. ఈసారి మీరు బస్సులో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజను గట్టిగా మూలుగుతూ, బస్సు నెమ్మదిగా పోతుంటే విసుక్కోకండి. డ్రైవరు కళ్లెం బిగించి పట్టుకున్నాడన్నమాట.