బండి వెనుక తగిలించిన బరువు

బండి కట్టు రైతుకు ఈ పాఠములోని మొదటి మాట క్రొత్తది కాదు. ధాన్యపు బస్తాలు వేయునప్పుడు అతడు ఇరుసునకు ముందు కొన్ని, వెనుక కొన్ని సర్ది, కాడి ఎత్తి చూచును. బరువు ముందుకు మొగ్గినయెడల ఎద్దుల మెడలు కుంగును. వెనుకకు మొగ్గినయెడల కాడి పైకి లేచి, మెడతాడు గొంతును బిగించును. కావున కొద్దిపాటి బరువు కాడిమీద నిలుచునట్లు సర్దుకొనును. బరువు ఎంత అని మాత్రమే గాక, ఎక్కడ అని కూడ అతడు అడుగును.

ఈ నియమము మోటారు బండ్లకును చెల్లును. అమెరికాలో ట్రావెల్ ట్రైలరు అను ఇల్లువంటి బండి ఉన్నది. పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అందులోనే యుండును. కారు గాని పికప్ బండి గాని దానిని లాగుకొని పోవును. లోపల చోటు చాలనప్పుడు సైకిళ్లు, కట్టెలు, జనరేటరు మొదలగువాటిని దాని వెనుక కొసను తగిలించుట పలువురికి అలవాటు. వంద కిలోలే గదా అని అనుకొందురు. అది నిజమో కాదో లెక్క చూతము.

1. వంద కిలోలు చేయు పని

ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు ముందున్న కొక్కెముమీద ఆనవలెనని అక్కడివారి నియమము. ఒక ట్రైలరు 3,000 కిలోలున్నది. కొక్కెముమీద 330 కిలోలు ఆనుచున్నవి. ఇది సరియైనదే. కొక్కెమునుండి ఇరుసునకు 5 మీటర్లు, ఇరుసునుండి వెనుక కొసకు 3 మీటర్లు అనుకొందము. ఆ కొసను 100 కిలోలు తగిలించినయెడల, తులాకోలవలె అది ముందు కొసను ఎత్తును. కొక్కెముమీద 60 కిలోలు తగ్గి 270 మిగులును. ఇరుసుమీదనో 160 కిలోలు పెరుగును. ఇప్పుడు మొత్తము 3,100 కిలోలు గనుక, కొక్కెముమీద నూటికి 9 వంతులైనను లేవు. వంద కిలోలే చేర్చితిమి గాని బండి కుదురు తప్పినది.

2. ఊగుట

కొక్కెము తేలికయైన ట్రైలరు వేగముగా పోవునప్పుడు, గాలి కొట్టినప్పుడు, పెద్ద లారీ ప్రక్కగా దాటినప్పుడు తోకవలె అటు ఇటు ఊగసాగును. ఊపు పెరిగినయెడల లాగు బండిని కూడ త్రిప్పి పడవేయును. ముందు భాగమున మరికొంత బరువు పెట్టినచో సరిపోవునని కొందరందురు. కొక్కెము లెక్క సరిపడవచ్చును. కాని రెండు కొసలను బరువైన బండి ఒకసారి ఊగ మొదలుపెట్టినచో ఆపుట మరింత కష్టము. బరువైనవి ఇరుసునకు దగ్గరగా, క్రిందుగా ఉండుట మేలు.

ఊగినప్పుడు లాగు బండి బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. యాక్సిలరేటరు మీదినుండి కాలు మెల్లగా తీసి, స్టీరింగును నిలకడగా పట్టుకొని, ట్రైలరు బ్రేకును మాత్రము చేతితో వేయవలెను.

3. బంపరు బలము

పలు ట్రైలర్ల వెనుక బంపరు పలుచని ఇనుముతో చేసిన చదరపు గొట్టము మాత్రమే. దానినుండి బయటికి చాచిన చట్రముమీద బరువు పెట్టినయెడల గొట్టము మెలిపడును. ప్రతి గుంతలోను ఆ బరువు ఎగిరి పడుచుండగా అతుకు విడిపోవచ్చును. అప్పుడు నష్టము మన సరకుతో పోదు. వెనుక వచ్చుచున్న కుటుంబము దానిమీదికి వచ్చును. కావున తయారుచేసినవారి పుస్తకము ఎంత బరువునకు ఒప్పుకొనునో చూచి, సరకంతయు ఎక్కించిన పిమ్మట కాటా వేయించవలెను. దీపములును నెంబరు పలకయు కనబడవలెను.

4. మన దారులలో

రెండు చక్రముల ట్రాక్టరు తొట్టికి ఇదే పాఠము. వెదురు గడలు, ఇనుప కమ్మీలు వెనుకకు పొడుచుకొని వచ్చునట్లు వేసినయెడల తొట్టి ముందు కొస పైకి లేవజూచును. ట్రాక్టరు వెనుక చక్రములు నేలను పట్టు బలము తగ్గును. బరువంతయు ముందుకు నెట్టినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలి, స్టీరింగు మాట వినదు. చీకటిలో ఆ కమ్మీలు వెనుక వచ్చు మోటారు సైకిలు వానికి కనబడవు.

బరువు క్రింద పడిన గాడిద మన పగవానిదైనను దానిని విడిచి పోరాదని నిర్గమకాండము 23వ అధ్యాయము నేర్పుచున్నది. పడిన తరువాత లేపుటకంటె, పడకముందే పొరుగువానికి చెప్పుట సులభము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. కొక్కెమునుండి ఇరుసునకు 4 మీటర్లున్న తొట్టిలో, ఇరుసునకు 2 మీటర్లు వెనుక 200 కిలోలు వేసినయెడల కొక్కెముమీద ఎంత తగ్గును?
2. మీ ఊరి తొట్లలో వెనుక దీపములు ఎన్నింటికి వెలుగుచున్నవి?
3. ఒకే సారి మోయుటకంటె రెండు సార్లు తిరుగుట మేలని ఎప్పుడు చెప్పవలెను?