మాటిమాటికీ పోయే ఫ్యూజు: ఒక డీబగ్గింగు పాఠం

ఈ శీర్షికలో మామూలుగా సాఫ్ట్‌వేర్ సంగతులే మాట్లాడుకుంటాం. ఈసారి చేతులకు కాస్త మసి అంటే విషయం. అమెరికా వచ్చిన కొత్తలో మనలో చాలామంది కొనేది పాత కారే. అలాంటి కార్లతో వచ్చే తలనొప్పుల్లో ఒకటి, ఒకే ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోవడం. బగ్ పట్టుకోవడానికి మనం రోజూ వాడే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

ముందుగా ఫ్యూజు ఎందుకుందో చూద్దాం. అదొక సన్నని లోహపు రేకు. పరిమితికి మించి కరెంటు పారితే వేడెక్కి కరిగి తెగిపోతుంది. అది ముఖ్యంగా కాపాడేది దీపాన్నో రేడియోనో కాదు, వాటికి కరెంటు తీసుకెళ్ళే వైరుని. ఆ వైరు ఎంత మోయగలదో చూసుకునే ఫ్యూజు సైజు నిర్ణయిస్తారు. మామూలు బ్లేడు ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

"10 ఆగడం లేదా? 30 పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అనే మిత్రులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. దయచేసి ఆ మాట వినకండి. అది జ్వరం వచ్చిందని థర్మామీటరు పగలగొట్టడం లాంటిది. ఎక్సెప్షన్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాక్ రాసి ఊరుకున్నట్టే. ప్రోగ్రాములో అయితే లెక్క తప్పుతుంది. కారులో అయితే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, దాని తొడుగు కరిగి కార్పెట్ కింద మంట పుడుతుంది. వెనక సీట్లో పిల్లలుంటారు.

ఇక పరిశోధన. మొదట పోయిన ఫ్యూజుని వెలుతురులో పెట్టి చూడండి. అదే మన లాగ్ ఫైలు. లోపల నల్లగా మసిపట్టి, రేకు చిమ్మినట్టుంటే షార్ట్ సర్క్యూట్ అని అనుమానించాలి. మసి లేకుండా మధ్యలో మెల్లగా కరిగినట్టుంటే ఓవర్‌లోడ్ కావచ్చు. ఇది ఆధారమే కానీ రుజువు కాదు. రెండోది, ఎప్పుడు పోతోందో రాసుకోండి. స్విచ్ వెయ్యగానేనా, బ్రేకు నొక్కినప్పుడా, గతుకుల్లోనా? బ్లేడు ఫ్యూజు మీద కరెంటు రెట్టింపయితే 5 సెకన్లలోపు తెగుతుంది. 10 శాతమే ఎక్కువైతే గంటల తరబడి నిలుస్తుంది. కాబట్టి పోయే సమయం కూడా ఒక సమాచారమే.

మూడోది చిన్న లెక్క. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. పార్కింగు దీపాలు, నంబరు ప్లేటు దీపం, డాష్‌బోర్డు దీపాలు కలిపి 60 వాట్లనుకుందాం. 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. దీనికి 10 ఆంపియర్ల ఫ్యూజు పోనక్కర్లేదు. పోతోందంటే ఎక్కడో వైరు కారు బాడీకి తగులుతోందన్నమాట. బ్యాటరీ నెగటివ్ బాడీకే కలిపి ఉంటుంది కదా!

ఆ చోటు వెతకడానికి ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి కాల్చనక్కర్లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి ఫ్యూజు స్థానంలో పెట్టండి. షార్ట్ ఉన్నా దాదాపు 2 ఆంపియర్లకు మించి పారదు. వైరు క్షేమం. ఆ సర్క్యూట్‌లో అందే బల్బులన్నీ తీసేసి స్విచ్ వెయ్యండి. డాష్‌బోర్డు దీపాల వల్ల మన బల్బు మసకగా వెలిగితే ఫరవాలేదు. పూర్తి కాంతితో వెలిగితే షార్ట్ ఉన్నట్టు. ఇప్పుడు మధ్యలో ఉన్న కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పండి. ఏది విప్పగానే వెలుగు తగ్గిందో, తప్పు దానికి అవతల ఉంది. అచ్చంగా లీనియర్ సెర్చ్!

నా దగ్గరున్న 1990ల నాటి సెడాన్‌లో వెనక దీపాల ఫ్యూజు ఇలాగే పోయేది. రాసుకున్న వివరాలు చూస్తే ఎక్కువసార్లు సామాన్లు కొనుక్కొచ్చిన రోజునే! బల్బు పెట్టి డిక్కీ మూత మెల్లగా ఎత్తితే, సగంలో వెలుగు ఒక్కసారిగా పెరిగింది. మూత అక్కడే ఆపి వెనక కనెక్టరు విప్పితే తగ్గిపోయింది. నంబరు ప్లేటు దీపానికి వెళ్ళే వైరు మూత కీలు దగ్గర ఏళ్ళ తరబడి మడతపడి, తొడుగు చిట్లి, రాగి తీగ బయటపడింది. పాడైన ముక్క కత్తిరించి, అదే మందం వైరు సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, మడతకు చోటుండేలా కాస్త వదులుగా కట్టాను. తర్వాత ఎర్ర ఫ్యూజే పెట్టి, మూత ఇరవైసార్లు తెరిచి మూశాను. ఇది రిగ్రెషన్ టెస్టు.

వెతకాల్సిన మిగతా చోట్లు: తలుపు కీళ్ళు, రేకు కన్నాల్లోంచి వైరు వెళ్ళే చోట్లు, తర్వాత బిగించిన స్టీరియో, అలారం, ట్రైలర్ వైర్లు, నీళ్ళు చేరిన బల్బు హోల్డర్లు, ఎలుకలు కొరికిన వైర్లు. వైపరు, బ్లోయరు లాంటివైతే అరిగిన మోటారే ఎక్కువ కరెంటు లాగుతుండవచ్చు.

కొన్ని జాగ్రత్తలు. ఎయిర్‌బ్యాగ్ వైర్లు, చాలా కార్లలో పసుపు కనెక్టర్లున్నవి, ముట్టుకోవద్దు. ఇంజిన్ కంప్యూటర్ సర్క్యూట్ల మీద బల్బు ప్రయోగం వద్దు. సోల్డర్ చేసే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. పెట్రోలు వాసన వస్తే పని ఆపండి.

ఇదంతా చేసే తీరిక లేకపోతే మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. అయితే "ఫ్యూజు పోతోంది" అని మాత్రం చెప్పకండి. "డిక్కీ సగం తెరిచినప్పుడే పోతోంది" అని చెప్పండి. ఈ రెండు బగ్ రిపోర్టులకీ తేడా ఏమిటో, గంటల లెక్కన బిల్లు వేసే మనకు వేరే చెప్పాలా?