చూపు, వినికిడి, స్పర్శ... నర్సింగ్ కెరీర్‌కు గట్టి పునాది

నర్సింగ్ విద్యార్థులు గుండె, కిడ్నీ, ఐసీయూ పాఠాలకు ఇచ్చినంత సమయం జ్ఞానేంద్రియాల పాఠానికి ఇవ్వరు. ఫౌండేషన్స్‌లో ఒక యూనిట్, అడల్ట్ హెల్త్ నర్సింగ్‌లో కన్ను, చెవి, ముక్కు, గొంతు వ్యాధులు... పరీక్షకు ముందు ఒకసారి తిరగేస్తే చాలనుకుంటారు. కానీ వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచి రిటైరయ్యే దాకా రోజూ అక్కరకొచ్చేది ఈ పాఠమే. రోగికి మనం చెప్పింది వినపడకపోతే, మందు చీటీ కనపడకపోతే, కాలికి మేకు దిగినా తెలియకపోతే ఎంత మంచి వైద్యమైనా ఇంటికెళ్లాక నిలవదు. ఆ లోపాన్ని ముందుగా పసిగట్టగలిగేది రోగి పక్కన ఎక్కువసేపు ఉండే నర్సే. ఈ నైపుణ్యం సాధిస్తే ఉద్యోగంలో మంచి పేరు వస్తుంది. దీనికి అనుబంధంగా మంచి కోర్సులూ ఉన్నాయి.

తేడా ఎక్కడొచ్చింది?

ఏ ఇంద్రియమైనా పనిచేయాలంటే మూడు సరిగా ఉండాలి: అందుకునే అవయవం, మోసుకెళ్లే నాడి, అర్థం చేసుకునే మెదడు. చెవిలో గులిమి గట్టిపడితే శబ్దం లోపలికి సరిగా వెళ్లదు. దాన్ని తీయిస్తే వినికిడి తిరిగొస్తుంది. లోపలి చెవిలోని కేశ కణాలు చనిపోతే మాత్రం మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. అప్పుడు చెవి మిషనో, కాక్లియర్ ఇంప్లాంటో ఆలోచించాలి.

పక్షవాతం వచ్చిన కొందరిలో కళ్లు బాగానే ఉంటాయి, కానీ మెదడు ఒకవైపు దృశ్యాన్ని పట్టించుకోదు. అలాంటి రోగి కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది అలాగే వదిలేస్తాడు. కేస్ షీట్‌లో ‘ఆకలి లేదు’ అని రాసేసే నర్సుకూ, కంచం తిప్పిపెట్టి చూసే నర్సుకూ తేడా ఈ పాఠం దగ్గరే వస్తుంది.

అన్నిటికీ ‘ఆఁ’ అంటే...

వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి హెచ్చు స్థాయి శబ్దాలు. స, ష, ఫ లాంటివి సరిగా అందవు. అందుకే పెద్దవాళ్లు ‘మాట వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. గట్టిగా అరిస్తే లాభం లేదు. వెలుతురు మీ ముఖం మీద పడేలా ఎదురుగా కూర్చుని, కీచుగా కాకుండా స్థాయి తగ్గించి, నిదానంగా మాట్లాడాలి. ఫ్యాన్, టీవీ శబ్దం తగ్గించాలి.

మర్నాడు ఆపరేషన్ ఉన్న పెద్దావిడను ‘పొద్దున ఏమీ తినకూడదు పెద్దమ్మా, అర్థమైందా?’ అని అడిగితే ‘ఆఁ’ అంటారు. ‘రేపు పొద్దున ఏం చేయాలో మీరోసారి చెప్పండి పెద్దమ్మా’ అని అడిగి చూడండి. విన్నదేదో, విననిదేదో వెంటనే తేలిపోతుంది. రోగితో తిరిగి చెప్పించుకోవడానికి అర నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు.

కొన్ని మందులు కూడా చెవిని దెబ్బతీస్తాయి. అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారిని ‘చెవిలో హోరు ఉందా? నడుస్తుంటే తూలుతున్నారా?’ అని అడుగుతుండాలి. క్షయకు వాడే ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియడం లేదని రోగి చెబితే డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. తలకు గాయమైనవారి స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ 1974లో వచ్చింది. మాటతో ఇచ్చే స్పందన దానిలో ఒక భాగం. రోగి చెవి మిషన్ తీసి సొరుగులో పెట్టేసి ‘స్పందన తక్కువ’ అని రాస్తే ఆ లెక్కే తప్పవుతుంది.

చుక్క వేయడమూ ఒక విద్యే

చత్వారం, శుక్లాలు, నీటికాసులు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం... ఏ వార్డులో ఉన్నా ఇవి ఎదురవుతాయి. నీటికాసుల్లో సాధారణంగా పక్కచూపు ముందు తగ్గుతుంది. ఎదుట ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి రోగికి అనుమానం రాదు, పక్కనున్న స్టూలు మాత్రం తగులుతుంటుంది. మెరుగైన కంటితో 3/60 కంటే తక్కువ చూపు ఉంటే అంధత్వంగా మన దేశం 2017 నుంచి లెక్కిస్తోంది. అంతకుముందు ఆ హద్దు 6/60గా ఉండేది. పోటీ పరీక్షలకు వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కంట్లో మందు వేసేటప్పుడు కింది రెప్పను మెల్లగా లాగి, ఏర్పడిన సంచిలో ఒక్క చుక్క వేయాలి. నేరుగా నల్లగుడ్డుపై వేయకూడదు. ముక్కు పక్కనున్న కంటి మూలను కాసేపు నొక్కి పట్టుకుంటే మందు గొంతులోకి జారదు. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. చెవి చుక్కలైతే పెద్దలకు చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్లలోపు పిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి. మందు చల్లగా ఉంటే కళ్లు తిరుగుతాయి కాబట్టి అరచేతిలో కాసేపు పట్టుకుని వేయాలి.

చూపు లేనివారిని చేయి పట్టి లాక్కెళ్లకూడదు. మీ మోచేతిని వాళ్లు పట్టుకునేలా చూసి, అర అడుగు ముందు నడవాలి. భోజనం పెట్టేటప్పుడు గడియారం అంకెలతో చెబితే సులువు: ‘అన్నం ఆరు దగ్గర, పప్పు మూడు దగ్గర, కూర పన్నెండు దగ్గర ఉంది తాతా.’

నొప్పి తెలియని పాదం

షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదాల్లో నాడులు మొద్దుబారతాయి. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. పుండై, చీము పట్టాక ఆసుపత్రికి వస్తారు. దీన్ని ముందే పట్టే సాధనం 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే ఒక నైలాన్ పోగు. ముందు దాన్ని రోగి చేతికి తాకించి ఎలా ఉంటుందో చూపించాలి. తర్వాత కళ్లు మూసుకోమని చెప్పి, బొటనవేలి అడుగున, పాదం ముందు భాగంలో ఆనెలు లేని చోట పోగు వంగే దాకా ఆనించి, ఒకటి రెండు సెకన్లలో తీసేయాలి. ‘ఇప్పుడు తగిలిందా?’ అని అడగకూడదు, మొహమాటానికి అవునంటారు. ‘తగిలినప్పుడు మీరే చెప్పండి’ అనాలి. కుష్ఠులోనూ స్పర్శ లేని మచ్చే ముఖ్యమైన గుర్తు.

వాసన, రుచి తగ్గడాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. గ్యాస్ లీకైనా, అన్నం పాసిపోయినా తెలియని వృద్ధులు ఇంట్లో ఒంటరిగా ఉంటే అది ప్రమాదమే. రుచి తెలియక కూరలో ఉప్పు పెంచుకునేవారికి బీపీ ఉంటే మరీ కష్టం.

పసికందుల విషయంలో గడువు చాలా ముఖ్యం. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స మొదలవ్వాలన్నది నియమం. 34 వారాలలోపు పుట్టిన, లేదా 2 కిలోలకు తక్కువ బరువున్న బిడ్డకు నెల తిరగకముందే రెటీనా పరీక్ష చేయించాలి. డిశ్చార్జి రోజు ఆ తేదీని తల్లికి నర్సు గట్టిగా గుర్తుచేస్తే ఒక బిడ్డ చూపు నిలబడొచ్చు.

ఏ కోర్సులు చదవాలి?

బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు. ఇంటర్ బైపీసీలో కనీసం 45 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. జీఎన్ఎం 3 ఏళ్లు, ఏ గ్రూపుతో ఇంటర్ చదివినవారైనా చేరవచ్చు. ఏపీలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలు చూస్తుండాలి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

వినికిడి, మాట సమస్యలపై ఆసక్తి ఉంటే బీఏఎస్ఎల్‌పీ (ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ) సరైన దారి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. ఇంటర్ బైపీసీ, ఎంపీసీ రెండు గ్రూపుల వారికీ అవకాశముంది. 1965లో ఏర్పడిన మైసూరు ఆయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) ఈ రంగంలో పేరున్న సంస్థ. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆడియాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి.

కంటి రంగమైతే బీఎస్సీ ఆప్టోమెట్రీ ఉంది, అదీ ఇంటర్న్‌షిప్‌తో 4 ఏళ్లే. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆప్టోమెట్రీ చదువు చెబుతోంది. ఇంటర్ పూర్తిచేసిన గ్రామీణ యువతకు విజన్ టెక్నీషియన్లుగా శిక్షణ ఇచ్చి పల్లెల్లోని కేంద్రాల్లో పని కల్పిస్తోంది. బధిరులతో కలిసి పనిచేయాలనుకునేవారికి భారతీయ సంజ్ఞా భాష అనువాదంలో 2 ఏళ్ల డిప్లొమా ఉంది.

ఉద్యోగాలు

ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ రాయాలి. తెలంగాణలో వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సులను ఎంపిక చేస్తోంది. విదేశాలకు వెళ్లాలంటే అమెరికాకు ఎన్‌క్లెక్స్, బ్రిటన్‌కు ఆంగ్ల పరీక్షతో పాటు సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఆస్కీ (ప్రాక్టికల్ పరీక్ష) ఉంటాయి. ఆస్కీలో పరీక్షకుల ముందు రోగిని అంచనా వేసి, చేసి చూపించాలి. పుస్తకం బట్టీ పట్టి అక్కడ నెగ్గలేరు. వృద్ధుల సంఖ్య పెరుగుతున్న దేశాల్లో చూపు, వినికిడి తగ్గినవారి సంరక్షణ తెలిసిన నర్సు అవసరం ఎక్కువ.

ఇంటర్వ్యూలో ‘షుగర్ రోగి పాదాన్ని ఎలా పరీక్షిస్తారు?’ అని అడిగితే నోటితో చెప్పడం కాదు, చేతితో చేసి చూపగలగాలి. అందుకు క్లినికల్ పోస్టింగులే అదును. కంటి వార్డు, ఈఎన్‌టీ ఓపీ డ్యూటీ పడినప్పుడు తప్పించుకోకండి. ట్యూనింగ్ ఫోర్క్ పట్టుకోవడం, చూపు చార్టు చదివించడం, చెవి మిషన్‌కు బ్యాటరీ మార్చడం సీనియర్ సిస్టర్లను అడిగి నేర్చుకోండి. ప్రతి కొత్త రోగి దగ్గరా మూడు ప్రశ్నలు అలవాటు చేసుకోండి: కళ్లద్దాలు ఉన్నాయా, చెవి మిషన్ ఉందా, కాళ్లకు తిమ్మిర్లు ఉన్నాయా? జవాబులు కేస్ షీట్‌లో రాయండి. ఈ అలవాటు మీకు ఉద్యోగంలో గౌరవం తెస్తుంది, రోగులకు భద్రత ఇస్తుంది. రేపటి డ్యూటీ నుంచే మొదలుపెట్టండి.